నగరములందలి కాఫీశాలలు: ఒక నిత్యపానపరుని అభిప్రాయములు

(సంఘపు సాహిత్యగోష్ఠిలో చేసిన ప్రసంగపాఠము)



ఆహ్వానపత్రికలో నా ప్రసంగవిషయము "నగరములందలి పానశాలలు" అని అచ్చుపడినది. నేను వ్రాసియిచ్చిన శీర్షిక కొంచెము పొడుగుగా నుండుటచే మన కార్యదర్శిగారు దానిని క్లుప్తపరచిరి. క్లుప్తపరచుటలో కాఫీ పోయి పానము మిగిలినది. నేటి సాయంకాలము హాజరు ఎన్నడును లేనంత ఘనముగా నుండుటకు కారణ మిదియే యని నా యనుమానము. వెనుక వరుసలలో కూర్చున్న మిత్రులను నిరాశపరుపక తప్పదు. 1964 నాటి కేంద్ర సివిల్ సర్వీసుల ప్రవర్తన నియమావళిలో 22వ నియమ మొకటి యున్నది. ప్రభుత్వోద్యోగి బహిరంగస్థలమున మత్తుపానీయము సేవింపరాదని అది శాసించుచున్నది. బహిరంగస్థల మనగా నేమియో కూడ అచ్చటనే వివరించిరి. సొమ్ము చెల్లించి గాని, చెల్లింపక గాని జనులు ప్రవేశింపగల ప్రతి తావును బహిరంగస్థలమే. సభ్యులకు మాత్రమే యని చెప్పుకొను క్లబ్బైనను, సభ్యుడు తన వెంట అతిథిని తీసికొనిపోవ వీలున్నచో అదియు బహిరంగస్థలమే. వాహనము కూడ అంతియే. ఇంత సూక్ష్మముగా వ్రాసిన మహనీయు డెవరో ఆ తావులన్నిటిని చక్కగా నెరిగినవాడే అయియుండవలెను. ఆయన యనుభవము నాకు లేదు. కావున నేను చెప్పబోవునది కాఫీని గూర్చియు, అక్కడక్కడ తేనీటిని గూర్చియు, ఆ రెంటిని పోయు శాలలను గూర్చియు మాత్రమే. లేచిపోదలచినవారు ఇప్పుడే లేవవచ్చును. సభానంతరము కాఫీ మాత్రము ఉన్నవారికే యిత్తురు.

దినమునకు నాలుగు కప్పులు నాకు పరిపాటి. అందు రెండు ఇంటిలోనివి. ఇంటికాఫీని గూర్చి ఈ వేదికపై అభిప్రాయము ప్రకటించుట క్షేమము కాదు. చేయువారు ముందు వరుసలోనే ఉన్నారు. మిగిలిన రెండు కప్పులను ఇరువది సంవత్సరములుగా బయట త్రాగుచున్నాను. ఉద్యోగరీత్యా ఢిల్లీలో ఎక్కువకాలమును, కలకత్తాలో మూడేండ్లును గడపితిని. పర్యటనల మీద బెంగుళూరు, మద్రాసు, బొంబాయి, తిరువనంతపురము, హైదరాబాదు తిరిగితిని. ఈ నగరములలో కొన్నిటికి పేర్లు మారినవి గాని, నా నోటికి పాత పేర్లే అలవాటు. పర్యటన నివేదికలలో ఏ యూర ఏ ఫైలు చూచితినో వ్రాసితిని. ఏ యూర ఎచ్చట కూర్చుంటినో వ్రాయుటకు ఆ పత్రములో గడి లేదు. ఆ లోపమును నేడు పూరించుచున్నాను.

కాఫీశాలను దేనిని బట్టి మెచ్చవలెను? రుచిని బట్టి యని చాలమంది యందురు. నేనట్లనను. మంచి డికాషను కావలెనన్నచో ఇంట ఇత్తడి ఫిల్టరున్నది. మనిషి బయటికి పోవునది కాఫీకొరకు కాదు, కుర్చీకొరకు. ఖాళీ కప్పు ఎదుట ఎంతసేపు కూర్చుండనిత్తురన్నదే నా కొలబద్ద. మన కోస్తాజిల్లాల హోటళ్లలో కాఫీ అమృతతుల్యము. పొగలు గ్రక్కుచు, నురుగు గట్టి, గళాసు అంచువరకు వచ్చును. కాని ఆ గళాసు క్రింద పెట్టులోపలనే సర్వరు తడిగుడ్డ తెచ్చి బల్ల తుడుచును. తుడుచుటలో మర్యాద లోపింపదు గాని, ఇక లెమ్మను నర్థము అందు స్పష్టముగా నుండును. "ఇచ్చట రాజకీయములు మాటలాడరాదు" అను బోర్డు గోడమీద నుండెడిది. తెలుగువాడు రాజకీయము మాటలాడక కాఫీ యెట్లు త్రాగునో ఆ బోర్డు వ్రాయించిన యజమానికే తెలియవలెను. నా కొలబద్ద ప్రకారము ఆ హోటళ్లకు రుచికి నూటికి తొంబది, కుర్చీకి పది.

ఈ దేశమున తీరికగా కూర్చుండి త్రాగు కాఫీశాలను పెంచినవారిలో ప్రభుత్వము కూడ ఉన్నదన్న సంగతి మన యుద్యోగులలోనే చాలమందికి తెలియదు. కాఫీ సెస్ కమిటీవారు 1936లో బొంబాయి చర్చిగేటువద్ద తొలి ఇండియా కాఫీ హౌసును తెరచిరి. దేశములో పండిన కాఫీని దేశజనులచేతనే త్రాగింపవలెనన్నది వారి సంకల్పము. పిమ్మట కాఫీ బోర్డు ఏర్పడినది. పెద్ద నగరములలో శాఖలు వెలసినవి. 1950ల నడుమ బోర్డువారు విధానము మార్చుకొని ఆ శాలలను మూసివేయ నిశ్చయించిరి. పనివారు వీధిపాలగు స్థితి వచ్చినది. అప్పుడు ఎ.కె. గోపాలన్ గారు వారిని కూడగట్టి, సహకారసంఘములుగా ఏర్పడి ఆ శాలలను తామే నడుపుకొనునట్లు ప్రోత్సహించిరి. 1957 ఆగస్టు 19న బెంగుళూరులో తొలి సంఘము ఏర్పడినది. అదే సంవత్సరము అక్టోబరు 27న ఢిల్లీలో సంఘపద్ధతిని నడుచు తొలి ఇండియన్ కాఫీ హౌసు తెరువబడినది. మూసివేయవచ్చునని ఫైలుమీద వ్రాసిన కలమునకంటె, కప్పులు మోసిన చేతులకే ఆ వ్యాపారము బాగుగా తెలియునని దీనివలన తేలినది. సచివాలయములో కలము పట్టి బ్రదుకు నేను ఈ మాట అనుట కొందరికి రుచింపకపోవచ్చును.

ఢిల్లీ కాఫీ హౌసు మొదట కన్నాట్ ప్లేసులో నుండెను. లోహియాగారు మొదలగు రాజకీయవాదులు, హిందీ రచయితలు, పత్రికలవారు, పని లేనివారు, పని యెగవేసినవారు అచ్చట గుమిగూడెడివారట. మాటలెక్కువైన చోటు అధికారమునకు ఎన్నడును నచ్చదు. అత్యవసరపరిస్థితి కాలమున 1976లో దానిని కూలగొట్టిరి. నేడు ఆ ప్రాంతమున నేలక్రింద పాలికా బజారున్నది. కాఫీ హౌసు బాబా ఖరక్ సింగ్ మార్గములోని మోహన్ సింగ్ ప్లేసు పై యంతస్తునకు చేరినది. నేను చూచినది దీనినే. మెట్లెక్కి పోవలెను. క్రింది అంతస్తులలో దర్జీలు జీన్సు ప్యాంట్లు కుట్టియిత్తురు. పైన లోపలి గది, దానిని దాటినచో విశాలమైన డాబా. డాబామీద కోతులుండును. వడ పళ్లెమును అవి ఎత్తుకొనిపోవు నైపుణ్యమును చూచినచో, అవి కూడ సహకారసంఘముగా ఏర్పడినవేమో యనిపించును.

నేను ఢిల్లీకి వచ్చినది 2005లో. మునిర్కాలో ఒక గది, హిందీ అంతంతమాత్రము. ఆదివారమన్నచో భయము వేసెడిది. ఆఫీసు లేని దినమున ఆ నగరమున నాకు చోటు లేదు. ఒక ఆదివారము సాయంకాలము ఆ డాబామీద ఒంటరిగా కూర్చుండి తెలుగు వారపత్రిక చదువుకొనుచుండగా, ప్రక్క బల్లనుండి ఒక పెద్దాయన, "ఏ ఊరండీ మనది?" అని యడిగిరి. "తెనాలి దగ్గరండి" అంటిని. "అయితే ఇటు రండి, ఇక్కడ ఎండ పడదు" అనిరి. ఆయన అండర్ సెక్రటరీగా పదవీవిరమణ చేసి అప్పటికి పదునాలుగేండ్లు. ఆ బల్లవద్ద ఒక మళయాళీ, ఇద్దరు పంజాబీలు, ఒక కుమాయూ పండితుడు. ఆరు నెలలలో నాకు హిందీ వచ్చినది ఆ బల్లవద్దనే. నోటు ఎట్లు వ్రాయవలెనో, ఎట్లు వ్రాయరాదో కూడ అచ్చటనే నేర్చితిని. పై యధికారికి ఇష్టము లేని సంగతిని మూడవ పేరాలో ఉంచవలెనని పెద్దాయన చెప్పెడివారు. మొదటిదానిలో ఉంచినచో కోపము వచ్చును, చివర ఉంచినచో చదువరట.

పెద్దాయన కొన్నేండ్లకు రాక మానివేసిరి. మొదటి వారము బేరరు నన్నడిగెను, "మీ ఆంధ్రా సాహెబు రాలేదేమి?" అని. రెండవ వారము మరల అడిగెను. మూడవ వారము ఆ బల్లవారమందరము ఆయన యింటికి పోతిమి. తుంటి యెముక విరిగి మంచమున నున్నారు. కుమారుడు అమెరికాలో. ఆ మధ్యకాలమున వారిని చూడవచ్చినవారు మేము గాక వైద్యుడొక్కడే. ముప్పదియైదు సంవత్సరములు ఆయన సేవచేసిన కార్యాలయమునుండి ఎవరును రాలేదు. వచ్చుటకు వారికి తెలియవలెను గదా! ఒక మనిషి రాలేదని గమనించు చోటు నగరములో ఎన్ని యున్నవి? నేను కుర్చీకి తొంబది మార్కులిచ్చుట ఇందుచేతనే.

ఆ శాల నేడెట్లున్నదని అడుగుదురేమో. గోడల రంగు వెలసినది. కాఫీ పలుచనయే. ధర మాత్రము నేటికిని గుమాస్తా జేబుకు అందుబాటులో నున్నది. అద్దె బకాయిలని, నష్టములని, మూతపడునని పత్రికలలో అప్పుడప్పుడు వార్తలు వచ్చుచుండును. చదివినపుడెల్ల నలుబది దాటిన మేము కొందరము పరుగెత్తిపోయి రెండేసి కప్పులు త్రాగి వత్తుము. మా భక్తితో ఆ సంఘపు బాకీ తీరదు. మన సెక్షన్లలో క్రొత్తగా చేరిన పిల్లలు అచ్చట కానరారు. వారు రారేమని నేను విసుగుకొనను. దానికి కారణము తరువాత చెప్పెదను.

కన్నాట్ ప్లేసులోనే 1942లో వెలసిన యునైటెడ్ కాఫీ హౌసు వేరు తరహా. అచ్చట దీపపు గుత్తులు, ఎత్తైన కప్పు, మెత్తని ఆసనములు. ప్రమోషను వచ్చిన దినమున సకుటుంబముగా పోదగిన చోటు. ప్రమోషన్లు వచ్చు వేగమును బట్టి మనము దానికి ఏపాటి ఖాతాదారులమో మీరే ఊహింపుడు. మద్రాసు హోటలని ఒకటి యుండెను. దక్షిణాదివారికి ఢిల్లీలో అదియొక ధ్రువనక్షత్రము. హోటలు పోయినది, బస్సు స్టాపును మాత్రము ఆ పేరుతోనే పిలుచువారింకను ఉన్నారు.

కలకత్తా సంగతి వేరు. అచ్చటి కాలేజీ వీథి కాఫీ హౌసు 1876లో వెలసిన ఆల్బర్టు హాలులో నున్నది. కాఫీ బోర్డువారు 1942లో అందు కాఫీ పోయనారంభించిరి. 1958లో అది మూతపడగా, ప్రెసిడెన్సీ కళాశాల, విశ్వవిద్యాలయముల ఆచార్యులు పట్టుపట్టి అదే యేట మరల తెరపించిరి. ఆచార్యులందరు ఒక్కమాట మీద నిలిచిన సందర్భములు చరిత్రలో మిక్కిలి అరుదు గనుక, దీనిని ప్రత్యేకముగా చెప్పుచున్నాను. లోపల అడుగుపెట్టగానే సముద్రఘోష వంటి ధ్వని. ఎత్తైన కప్పుక్రింద విసనకఱ్ఱలు తిరుగుచుండును; వందలకొలది నోళ్లు ఒక్కసారి మాటలాడుచుండును. క్రింద హాలు, పైన చుట్టును వసారా. తలపాగాలు చుట్టిన బేరరులు ఆ గుంపులో దారి చేసికొని పోవు తీరు చూడదగినది. పాలు లేని కాఫీని అచ్చట ఇన్‌ఫ్యూషన్ అందురు. ఆ మాట తెలియక బ్లాక్ కాఫీ అని యడిగినవాడు పరదేశియని వెంటనే పట్టువడును. మన్నా డే గారి పాట ఒకటి యీ శాలను బెంగాలమంతట ఇంటింటికి చేర్చినది. పాత స్నేహితులు చెదరిపోయిన దుఃఖము ఆ పాటలోని వస్తువు. విచిత్రమేమన, ఆ పాట విని వచ్చిన పిల్లలు అచ్చట క్రొత్త స్నేహములు చేసికొనుచున్నారు.

నా నిష్పాక్షికాభిప్రాయ మడిగినచో, ఆ కాఫీ ఒక మోస్తరు. చిన్న పత్రిక పెట్టదలచిన పిల్లవాడు ఒక ఇన్‌ఫ్యూషన్ తెప్పించుకొని మూడు గంటలు కూర్చుండును, ఎవరును లెమ్మనరు. మూడు గంటల తరువాత ఆ పత్రికకు పేరు పుట్టును, ఆరునెలలకు అది చచ్చును, మరల మరొకటి. చౌరంగీ వైపు, చిత్తరంజన్ అవెన్యూలో ఇంకొక కాఫీ హౌసున్నది. అందలి గదులకు హౌస్ ఆఫ్ లార్డ్స్, హౌస్ ఆఫ్ కామన్స్ అని వాడుక పేర్లు. సత్యజిత్ రాయ్ గారు చలనచిత్రములు తీయకమునుపు మిత్రులతో కూర్చున్నది అచ్చటనే. మన తెలుగు పట్టణములలో ఇట్టి చోటు ఎందుకు నిలువలేదని కలకత్తాలో నున్న మూడేండ్లును ఆలోచించితిని. మనకు మాటలు తక్కువయా? కాదు. అరుగులుండెడివి, గ్రంథాలయములుండెడివి, అరుగులు పోయిన తరువాత వానికి బదులు మన మేమియు కట్టుకొనలేదు.

తిరువనంతపురమున రైలు దిగి, తంపానూరు బస్సు స్టాండు ప్రక్కకు పోయినచో ఎఱ్ఱని ఇటుకలతో గుండ్రముగా పైకి లేచిన కట్టడమొకటి కానవచ్చును. లారీ బేకర్ గారు నిర్మించిన ఇండియన్ కాఫీ హౌసది. లోపల మెట్లు లేవు, అంతస్తులు లేవు. నత్తగుల్లవలె చుట్టిచుట్టి పైకి పోవు వాలుబాట. ఆ బాటవెంట వరుసగా బల్లలు. వాలుమీద వేసిన బల్లపైని కాఫీ ఒలుకకుండుట చూచి ఇంజనీరింగు చదువనందుకు నాకు తొలిసారి చింత కలిగినది. మసాలా దోసెలో అచ్చట బీటు దుంప పెట్టుదురు. దానిని గూర్చి నేనేమియు అనను. కేరళ సోదరులు మనకు మిత్రులు.

బెంగుళూరులో మహాత్మాగాంధి రోడ్డుమీది కాఫీ హౌసు 2009లో మూతపడి చర్చి వీథికి తరలినది. ఆ నగరమున కాఫీకి ఇంకొక సంప్రదాయమున్నది. ఒక కాఫీని ఇద్దరు పంచుకొనుటను బై టూ అందురు. ఇందు లోభమేమియు లేదు. పది నిముషములకొకసారి త్రాగవలెనన్నచో సగమే మేలు. గాంధీ బజారులో 1943 నాటి విద్యార్థి భవనున్నది. దోసెల పళ్లెములను చేతిపొడుగునను పేర్చికొని సర్వరు నడచివచ్చు దృశ్యము కొఱకే పోవచ్చును. శంకరపురమున 1965లో వెలసిన బ్రాహ్మిన్స్ కాఫీ బారులో కాఫీ ఉత్తమోత్తమము. కాని అచ్చట నిలుచుండియే త్రాగవలెను. కావున నా కొలబద్దకు అది లొంగదు. కొలబద్దను ప్రక్కన బెట్టి రెండుమార్లు త్రాగితిని.

మద్రాసు డిగ్రీ కాఫీని గూర్చి తమిళులు చెప్పినంత మన మెవ్వరమును చెప్పలేము. నేను చెప్పదలచినది వేరొకటి. ఆ కాలపు కాఫీ హోటళ్ల వైభవమును తలచుకొని కన్నీరు పెట్టువారు, ఆ హోటళ్లలో ఎవరిని ఎచ్చట కూర్చుండబెట్టెడివారో చెప్పరు. కొన్నిట అగ్రవర్ణములకు లోపలి గది, ఇతరులకు బయటి బల్ల. కొందరికి గడప దాటు హక్కే లేదు. హోటలు బోర్డుమీది బ్రాహ్మణ శబ్దమును తీసివేయవలెనని 1957లో పెరియార్ రామస్వామిగారి అనుచరులు తిరువల్లిక్కేణిలో దినములతరబడి సత్యాగ్రహము చేసి జైళ్లకు పోయిరి. మన తెలుగుపల్లెలలోని టీ దుకాణములలో రెండు గ్లాసుల పద్ధతి ఎంతకాలము సాగినదో ఇచ్చటనున్న కొందరు స్వయముగా ఎరుగుదురు. సన్ననివారికి ఒక గ్లాసు, మాలమాదిగలకు చూరులో దోపిన వేరొక గ్లాసు; త్రాగినవాడే దానిని కడిగి మరల దోపవలెను. రాజ్యాంగము 15వ అధికరణములో హోటళ్లను, భోజనశాలలను పేరుపెట్టి చెప్పవలసివచ్చినది ఇందుకే. ఒకే తెల్లపింగాణి కప్పు ఎవరికైనను ఇచ్చి, ఎవరి ప్రక్కనైనను కూర్చుండబెట్టిన కాఫీ హౌసు నాకు ప్రియమగుటకు ఇదియొక బలమైన కారణము. ఆ కప్పు అంచు కొంచెము విరిగియున్నను నాకు అభ్యంతరము లేదు.

హైదరాబాదు ప్రసంగము రాగానే కాఫీ తప్పుకొని తేనీరు వచ్చును. ఇరానీ హోటలులో చాయ్ చేయుట యొక తపస్సు. డికాషనును మూత బిగించిన పాత్రలో సన్నని సెగమీద గంటలతరబడి మగ్గింతురు. పాలు వేరుగా చిక్కబడువరకు కాగుచుండును. కప్పులోనే రెంటిని కలుపుదురు. ప్రక్కన ఉస్మానియా బిస్కట్టు. అది తీపియా ఉప్పనయా యని తేల్చుకొనులోపల అయిపోవును. చార్మినారు నీడలో నిమ్రా, ఆబిడ్సులో గ్రాండు హోటలు నేను మరలమరల పోయిన చోట్లు. చలువరాతి బల్ల, గుండ్రని చెక్కకుర్చీ, సాసరులో పోసికొని ఊదుకొను ముసలివారు, గల్లా వెనుక కూర్చున్న యజమాని. ఆబిడ్సులోని ఓరియంట్ హోటలులో మఖ్దూం మొహియుద్దీన్ గారు మొదలైన కవులు కూర్చుండెడివారని పెద్దలు చెప్పగా వినుటయే గాని నేను చూడలేదు; ఆ హోటలు నా కాలమునకు లేదు. నేను చదువుకొను దినములలో చూచిన ఇరానీ హోటళ్లలో సగము నేడు బట్టలకొట్లు, మందులకొట్లు అయినవి. మూలమలుపు స్థలము అద్దెకిచ్చుటలో వచ్చు ఆదాయము చాయ్ అమ్మిన రాదు. ఆ లెక్క నాకు తెలియును. తెలిసియు ఆ దారిని పోవునపుడు తల ప్రక్కకు త్రిప్పుకొందును.

బొంబాయిలోను ఇరానీలదే ప్రభ. 1904 నాటి కయానీలో బ్రున్ మస్కాను చాయ్‌లో ముంచి తినవలెను. బస్తానీ యను హోటలులో అది చేయరాదు, ఇది చేయరాదని గోడకు వ్రేలాడిన నిషేధములనే నిస్సీమ్ ఎజకీల్ గారు ఆంగ్లకవితగా కూర్చిరి. ఆ హోటలు మూతబడినది, కవిత మిగిలినది. మన ప్రవర్తన నియమావళికి ఇంకను ఏ కవియు దొరకలేదు.

ఇక యువకులు కాఫీ హౌసునకు రాకుండుటకు కారణము చెప్పెదనంటిని. 1996లో బెంగుళూరు బ్రిగేడ్ రోడ్డుమీద తొలి కెఫె కాఫీ డే తెరచినది మొదలు, 2012లో బొంబాయికి స్టార్‌బక్స్ వచ్చినది మొదలు, గాజుగోడల కాఫీశాలలు పెరిగినవి. కప్పు ఖరీదులో కాఫీ హౌసున నలుగురు త్రాగి వడ తినవచ్చును. ఇట్లని నేను మా సెక్షనులో ఉపన్యసించుచుండగా, మాతో పనిచేయు ఒక యువతి నా మాటకు అడ్డము వచ్చెను. "మీ కాఫీ హౌసుకి నేనూ వెళ్లానండి. ఒక్కదాన్నే పుస్తకం తెచ్చుకుని కూర్చుంటే పది బల్లల వాళ్లు నన్నే చూశారు. ఆ గాజుకొట్లో రెండు గంటలు కూర్చున్నా ఎవరూ తల తిప్పరు. నేను కట్టేది కాఫీకి కాదు, ఆ తల తిప్పకపోవడానికి" అనెను. కుర్చీయే ముఖ్యమని వాదించు నా వాదమునే తీసికొని నాకు అప్పగించినది. పాత హోటళ్లలో స్త్రీలకు ఫ్యామిలీ రూములని చెక్కతడకలు కట్టి తెరలు వేసెడివారు. ఆ గదిలో కూర్చుండవలెనన్నచో ముందుగా ఫ్యామిలీ కావలెను. కాఫీ హౌసున తడక లేదు, తెర లేదు, కాని చూపులున్నవి. సంఘము అప్పులతో మునుగుచున్నదని వ్రాయు పత్రికలు ఈ సంగతి వ్రాయుట నేను చూడలేదు. నగరజనులలో సగముమంది ఒంటరిగా వచ్చి కూర్చుండలేని శాల ఎట్లు లాభమున పడును?

మన కార్యాలయపు క్యాంటీనును వదలివేసినానని కోపింపకుడు. ధరల విషయమున దానికి సాటి లేదు. రుచి విషయమునను సాటి లేదు. ఈ వాక్యమును మీ యనుభవము ప్రకారము అర్థము చేసికొనుడు. ఒక్క సంగతి మాత్రము చెప్పెదను. కాఫీ చికోరీ మిశ్రమములో కాఫీ నూటికి 51 పాళ్లకు తగ్గరాదని ఆహార భద్రతా నిబంధనలు చెప్పుచున్నవి. అనగా 49 పాళ్లవరకు చికోరీ వేసియు దానిని కాఫీ మిశ్రమమని అమ్మవచ్చును. పొట్లముమీద చిన్న అక్షరములలో ఆ పాళ్లు వ్రాసియుండును. మనము ఫైళ్లలో కామాలు వెదకు కన్నులతో ఒక్కసారి ఆ పొట్లమును కూడ చదువవలెను. నాకు ఇరువది పాళ్లవరకు అభ్యంతరము లేదు. చేదు కొంచెము నిలుచును, రంగు వచ్చును. దానిని మించినచో అది వేరొక కషాయము.

తెలుగువారికి కాఫీలో సొంతవాటా లేదన్న లోటు కూడ తీరినది. మన్యములో గిరిజనులు పండించు అరకు వేలీ అరబికాకు 2019లో భౌగోళిక గుర్తింపు లభించినది. 2025 మార్చిలో పార్లమెంటు ఆవరణలోనే అరకు కాఫీ దుకాణములు వెలసినవి. సంతోషమే. మిరియపుతీగలు ప్రాకిన సిల్వర్ ఓకు చెట్ల నీడలో ఆ గింజను కోయు గిరిజనస్త్రీ అదే కాఫీని ఎచ్చట కూర్చుండి త్రాగుచున్నదో తెలిసికొనవలెనని ఉన్నది. విశాఖపట్టణమునకు పర్యటన పడినచో పైకి పోయి చూచివచ్చెదను. నివేదికలో గడి లేకున్నను మీకు చెప్పెదను.

చివరగా ఒక ప్రస్తావన. ప్రతి నెల రెండవ శనివారము సాయంకాలము అయిదు గంటలకు మోహన్ సింగ్ ప్లేసు డాబామీద మన సంఘమువారము కూడుదమని నా కోరిక. కార్యవర్గపు అనుమతి అక్కరలేదు, చందా అక్కరలేదు, ఎవరి కప్పు వారిదే. మహిళాసభ్యులు ఇద్దరు ముగ్గురుగా మొదలుపెట్టి బల్లలు నింపినచో, పిదప ఒంటరిగా వచ్చువారికి దారి యేర్పడునని మా సెక్షను యువతియే సూచించినది. మొదటి శనివారము తాను వచ్చెదనని మాట యిచ్చినది. కొత్తగా బదిలీమీద వచ్చినవారు తెలుగు పత్రిక ఒకటి చేత పట్టుకొని రండు, మేమే పిలుతుము. వడ తెప్పించుకొన్నవారు పళ్లెమును గోడవైపు ఉంచుకొనవలెను. కోతులు తూర్పువైపునుండి వచ్చును.